లంగ్గామ్‌లకి పౌడర్

"లంగ్గామ్‌లకి పౌడర్ చల్లమని పేపర్లో రాసింది నువ్వేనా?"

"నేనే!" గేటు తీస్తున్న లియాండ్రో మొహం వెలిగిపోయింది. "చదివారా? ఎలా ఉంది?"

ఎలా ఉందా! మరివిక్‌కి ఒళ్లు మండిపోయింది. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉన్నాడు! ఆ బుగ్గ మీద సొట్ట కూడా నమ్మదగ్గది కాదు.

సెబూ ఊళ్లో ఆ వీధికి అందమంతా రెండు పక్కలా ఉన్న నిద్రగన్నేరు చెట్లే. రోడ్డు వెడల్పు చేయాలి, వాటిని కొట్టేస్తామంటోంది వార్డు కౌన్సిల్. జిరాక్స్ షాపులో పనిచేసే మరివిక్ ఊరి పేపర్‌కి ఉత్తరం రాసింది. 'ఈ చెట్లు పోతే లంగ్గామ్‌లు ఎక్కడికి పోతాయి? ఇట్లు, ఈ వీధి అమ్మాయి.' సెబూలో లంగ్గామ్ అంటే పిట్ట.

వారం తిరక్కుండా అదే పేజీలో జవాబు! 'లంగ్గామ్‌ల కోసం ఇంత ఏడుపా? చెట్లు కొట్టేయండి. మిగిలినవాటికి పౌడర్ చల్లండి. ఇట్లు, మనీలా నుంచి వచ్చిన కొత్త పొరుగువాడు.'

వీధిలో మనీలావాడు ఇతనొక్కడే. కాల్ సెంటర్‌లో ఉద్యోగమట. మరివిక్ నమ్మలేదు. రోడ్డు కాంట్రాక్టర్ మనిషే! హోటల్ నడిపే సాబెల్ అక్క కూడా "నీకు తోక చాలు అబ్బాయ్" అంటూ చేప తోకే వడ్డిస్తోంది.

"చేతిలో ఆ డబ్బా ఏంటి?"

"పౌడరే. ఇప్పుడే కొన్నా."

"సిగ్గు లేదూ! పాపం, అవి నిన్నేం చేశాయి?"

"ఏం చేశాయా? అన్నం గిన్నెలో అవే, పంచదార డబ్బాలో అవే. నిన్న దిండు కిందకి దూరాయండీ!"

"దిండు కిందా? రెక్కలు విరగవూ?"

"రెక్కలా?" లియాండ్రో ఆలోచించాడు. "వాన పడ్డాక కొన్నిటికి వస్తాయనుకోండి."

మరివిక్ అనుమానంగా చూసింది. తాగాడా? "గుడ్లు పెడతాయా?"

"పెడతాయి."

"పాడతాయా?"

"లంగ్గామ్‌లు పాడటమేంటండీ? అవిగో, మీరే వినండి!"

చూపించాడు. గోడ మీద చీమల బారు.

"ఓరి నాయనో! ఇవి చీమలు! మీ మనీలాలో లంగ్గామ్ అంటే చీమా?"

"మరి మీకు?"

మరివిక్ కొమ్మ మీద పిచ్చుకని చూపించింది. లియాండ్రో డబ్బా దాచేసుకున్నాడు. "అంటే నేను ఊరందరి ముందూ... పిట్టల్ని చంపమని..."

"చాల్లే, నటించకు! రేపు మీటింగ్‌లో నీ ఉత్తరమే చదువుతారట. వీధివాళ్లే చెట్లు వద్దంటున్నారని."

"నేనొచ్చి చెప్తా."

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీండి."

వస్తాడా వీడు! మరివిక్‌కి నమ్మకం లేదు.

కానీ వచ్చాడు. డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో, వచ్చీరాని సెబూ భాషలో నిలబడి చెప్పాడు. "నేను చంపమన్నది చీమల్ని. పిట్టల్ని కాదు. చెట్లు ఉండాలి. నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నా."

హాలంతా ఒకటే నవ్వు! చెవులు ఎర్రబడినా అతను కూర్చోలేదు. కౌన్సిల్ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉత్తరం పోయింది. చెట్లు వదిలేసి, వీధిని వన్‌వే చేస్తే చాలన్నారు.

ఆదివారం పేపర్లో అతని క్షమాపణ పడింది, ఈసారి సొంత పేరుతో. కింద ఇంకో వాక్యం. 'ఈ వీధి అమ్మాయంటే నాకు చాలా ఇష్టం.'

వానలో తడుస్తూ పరిగెత్తింది మరివిక్. గేటు బాదేసింది.

"ఈ ఆఖరి మాట మీ మనీలా అర్థమా, మా అర్థమా?"

"మీదే. సాబెల్ అక్కని అడిగి మరీ రాశా. తప్పుందా?"

"ఉంది."

లియాండ్రో మొహం వాడిపోయింది.

"ఈ వీధిలో ఎంతమంది అమ్మాయిలున్నారు!" మరివిక్ పేపర్ అతని చేతిలో పెట్టేసింది. "ఏ అమ్మాయో ఊరికెలా తెలుస్తుంది? పేరు రాయాలి కదా!"