డ్రాగన్ కుండీలో కుడితి

పది రోజులు పుట్టింట్లో ఉండి వచ్చిన శిరీషకు, డిసెంబరు చలిలో డాబా మెట్లు ఎక్కుతుండగానే కంపు కొట్టింది. కడుపులో ఉన్నదంతా నోటికి తెచ్చే కంపు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లి చూస్తే, తన డ్రాగన్ ఫ్రూట్ మొక్క మొదలు గోధుమరంగు గుజ్జయిపోయింది. వేలు ఆనిస్తే చీమిడిలా సాగింది. మట్టి మీద తెల్ల పురుగులు. ఛీ, చూసిన కళ్లు కడుక్కోవాలి.

నిజామాబాద్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చాక, ఇది నాది అని ఆమె చెప్పుకున్నది ఈ కుండీ ఒక్కటే. చలికి వేరు కుళ్లుతుందని మట్టి ఎండితే తప్ప నీళ్లు పోసేది కాదు. రాత్రిళ్లు గోనెసంచి కప్పేది. వచ్చే వానాకాలం పూత చూడాలని ఆశ.

ఇంతలో అత్త భూమవ్వ బకెట్‌తో పైకి వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, పులిసిన అన్నం, కూరగాయల తొక్కలు. అదంతా కుండీలో వంచబోయింది.

"అత్తమ్మా, రోజూ నువ్వేనా పోస్తున్నది?"

"నేనే. ముడుతలు పడి ఎండినట్టుండె. కుడిది పోస్తే బలమొస్తదనుకున్న."

"ఇది చెట్టు, బర్రె కాదు. చేతులార చంపినవ్. నీ కొట్టం కంపంతా ఇంట్లకు తెచ్చినవ్. నీ చేతి బువ్వ తినాలన్నా నాకు కక్కొస్తుంది."

అనేసి నాలుక కరుచుకుంది. భూమవ్వ బకెట్ కింద పెట్టింది. మోకాళ్లు పట్టేసి, నవీపేట్‌లో బర్రెలను అమ్మేసి ఈమధ్యే కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి.

"మోరీల పారబోద్దామంటే చెయ్యి రాలే బిడ్డా. పొద్దుగాల లేస్తే అవి నాకోసం తొవ్వ సూసేటివి. ఇప్పుడు నేను ఎవలికోసం లేవాలె?" అంటూ కళ్లొత్తుకుంది.

శిరీష కిందికి వెళ్లింది. కత్తి తెచ్చి, కుళ్లు తగలని పచ్చటి కొమ్మను మళ్లీ నాటడానికి కోసి నీడలో ఆరబెట్టింది. మిగిలిన గుజ్జును ముఖం చిట్లించుకుంటూ సంచిలో వేసింది. తనకు కనీసం కుండీ ఉంది. ఈ ఊళ్లో అత్తకు అదీ లేదు.

"వెనక గల్లీల గంగుబాయికి బర్రె ఉంది. నడువు, పోదాం," అంటూ తనే బకెట్ ఎత్తుకుంది.

రోజూ కుడితి తెచ్చి పోస్తామంటే గంగుబాయి సరేనంది. బర్రె మూతి ముంచి జుర్రుతుంటే కుడితి చింది శిరీష చీర మీద, చేతుల మీద పడింది. భూమవ్వ దాని నుదురు రుద్దుతూ వెక్కివెక్కి ఏడ్చింది. శిరీష ఒక చేత్తో ముక్కు మూసుకుంది. అయినా బకెట్ వదల్లేదు.

"రేపు నన్ను గూడ లేపు అత్తమ్మా," అంది ముక్కు మూసుకునే.