లాకుల బంగళాలో ‘ఆయ్’

గోడలకి చెవులుంటాయంటారు. మా ఊరి లాకుల బంగళాకి నోరు కూడా ఉంది.

చీకటి పడ్డాక అటు వెళితే మాట్లాడకూడదు. నోరు మూసుకుని నడిచిపోతే ఏం కాదు. మాట్లాడామా... లోపల్నుంచి జవాబొస్తుంది. ఎప్పుడూ ఒకటే జవాబు. మెల్లగా, వినయంగా —

“ఆయ్...”

మన గోదావరి వాళ్లకి అది ‘అలాగేనండి’ అనే మర్యాద. మనిషి లేని ఇంట్లోంచి వస్తే మాత్రం ముచ్చెమటలు పడతాయి.

కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో, లాకులు — పడవలకి దారిచ్చే కాలవ తలుపులు — తీయించే దొర కోసం కట్టిన బంగళా అది. ఇప్పుడు రొయ్యల చెరువుల బంగార్రాజుగారిది. దాన్ని పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని ఆయన ముచ్చట. ఆర్కిటెక్చర్ చదివిన కూతురు శ్రీసత్య ససేమిరా అంది. బంగళాని అలాగే ఉంచి, వెనక ఖాళీలో షాపులు కడదామని ప్లాన్ గీసి చూపించింది.

“రోడ్డుకి కనపడని షాపుకి ఎవరొస్తారమ్మా?” అన్నారు రాజుగారు.

“బంగళా చూడ్డానికొచ్చినవాళ్లే వస్తారు నాన్నగారూ.”

ఎవరూ తగ్గలేదు. ఈలోగా పొక్లెయిన్ నడిపే గణేష్‌బాబు అడ్డం తిరిగాడు. అందులో దెయ్యం లేదని ఎవరైనా ఒక రాత్రి పడుకుని చూపిస్తే తప్ప గోడ ముట్టుకోనన్నాడు.

“నేనుంటానండి,” అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ.

“మధ్యలో వచ్చేస్తే?” అంది శ్రీసత్య.

“వచ్చేస్తే మీరు గీసిన ప్లానే కడతానమ్మా. రాకపోతే తెల్లారి బంగళా ఉండదు.”

ఇదంతా శ్రీసత్యే నాకు చెప్పింది. రాజుగారినడిగితే వెంటనే రొయ్యల రేటు గురించి మాట్లాడతారు.

ఆ రాత్రి మడత కుర్చీ, టార్చిలైటు, కేరేజీ నిండా రొయ్యల వేపుడు తీసుకుని ఆయన లోపలికెళ్లారు. గబ్బిలాల కంపు. బయట కాలవ నీళ్ల చప్పుడు... అంతే. ఇంకేం లేదు. కాసేపటికి ధైర్యం వచ్చింది. గోడ తట్టి గట్టిగా అన్నారు —

“రేపు పొద్దున్నే పడగొట్టేద్దాం!”

“ఆయ్...”

టార్చి జారి కిందపడింది.

దెయ్యం ఒప్పుకుంటోందా? వెటకారమా? రాజుగారికి బోధపడలేదు. ఆయన పసిపిల్లల్ని కూడా అండీ అని పిలిచే మనిషి. దెయ్యానికి మాత్రం మర్యాద తగ్గిస్తారా?

“ఎ... ఎవరండీ?”

“ఆయ్... మీరెవరండీ?”

ఆడ గొంతు. గోడలోంచే... చెవి పక్కనే!

“నేను... బంగార్రాజునండీ.”

గోడలోంచి ఒక నిట్టూర్పు —

“అయ్యో రాజుగారండీ... మీరెప్పుడు పోయారండీ?”

రాజుగారు గుండె మీద చెయ్యేసి చూసుకున్నారు. కొట్టుకుంటోందో లేదో ఆ కంగారులో తెలియలేదు. కుర్చీ ఒకవైపు, కేరేజీ ఒకవైపు, చెప్పులు ఇంకోవైపు... ఒకటే పరుగు. ఇంటికొచ్చి కూతుర్ని అడిగిన మొదటి మాట —

“అమ్మా, నేను మీకు కనపడుతున్నానా?”

పందెం గెలిచానన్న సంతోషం కంటే ఆయన మొహం చూస్తే జాలేసిందట శ్రీసత్యకి. ఆ రాత్రి ఇంట్లో ఒక్క లైటు కూడా ఆర్పనివ్వలేదాయన.

తెల్లారింది. వీధి గుమ్మంలో ఏడుపు వినిపించింది. కాలవ అవతలి గట్టున, లాకు కాపలావాళ్ల పాత క్వార్టర్‌లో ఉండే సువార్తమ్మ పూలదండ పట్టుకుని నిలబడి ఉంది.

“రాజుగారు పోయారటగదండీ... రాత్రి ఆయనే చెప్పారండీ...”

“ఎవరండీ అదీ?” అంటూ రాజుగారు బయటికొచ్చారు.

“ప్రభువా!” అని ఆవిడ మెట్ల మీద కూలబడింది. రాత్రి విన్న గొంతు అదే! రాజుగారు స్తంభం వాటేసుకున్నారు. ఎవర్ని చూసి ఎవరు దడుచుకోవాలో కాసేపు తేలలేదు.

ఇద్దరూ మంచినీళ్లు తాగాక సంగతి బయటపడింది. సువార్తమ్మ వంటింట్లో, పొయ్యి పక్క గోడలో ఇనప గొట్టం మూతి ఒకటుంది. పగలు లారీల రొదలో ఏమీ తెలియదు. చీకటి పడి ఊరు సద్దుమణిగితే అందులోంచి మాటలొస్తాయి.

“బంగళా దెయ్యమనుకున్నానండీ. ప్రార్థన పెట్టించాను, పోలేదు. దెయ్యంతో పేచీ ఎందుకని ఏమన్నా ‘ఆయ్’ అంటున్నానండీ.”

శ్రీసత్య అక్కడ ఒక్క క్షణం ఆగలేదు. బంగళాకి పరిగెత్తి, విరిగిన బీరువా జరిపి చూస్తే దాని వెనక గోడలో గొట్టం రెండో మూతి! లాకులు తీయమని దొర ఇక్కడ్నుంచి కేకేస్తే, కాలవ వంతెన కిందుగా వేసిన ఆ గొట్టంలోంచి మాట అవతలి గట్టున కాపలావాళ్లకి చేరేది. దొర పోయాడు, పడవలు పోయాయి, గొట్టాన్ని అందరూ మర్చిపోయారు. ఇన్నేళ్లూ రెండు గట్లూ ఒకదానికొకటి దెయ్యమై, ఎంతో మర్యాదగా భయపెట్టుకున్నాయి.

రాజుగారు మాట తప్పే మనిషి కాదు. బంగళా నిలిచింది, వెనక కాంప్లెక్స్ లేచింది. ఆ గొట్టంలో మాట్లాడ్డానికని భీమవరం నుంచి కూడా జనం వస్తున్నారు, అట్నుంచి అటే షాపుల్లోకి వెళుతున్నారు. బంగళా ఉంచాలన్నది మొదట్నుంచీ తన ఆలోచనేనని రాజుగారు చెబుతుంటే శ్రీసత్య కిటికీలోంచి కాలవ చూస్తుంటుంది.

సువార్తమ్మకి మాత్రం ఇంకా పూర్తిగా నమ్మకం కుదర్లేదు. అందుకే రోజూ దీపాలు పెట్టే వేళకి రాజుగారు బంగళాకి వెళ్లి, గొట్టం దగ్గర వంగి, గొంతు సవరించుకుంటారు.

“సువార్తమ్మగారూ... ఇంకా బతికే ఉన్నానండీ!”

“ఆయ్!”