మణికట్టుకి మూడు వేళ్ళ దూరం

“బస్సులో గానీ పడవలో గానీ వాంతులవుతాయా?”

అనకాపల్లి ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు అందరినీ అడిగే ప్రశ్నే. నాగరాజు మాత్రం గుటక మింగాడు. పక్కనే కొర్లయ్య మామ నిలబడి ఉన్నాడు. పడవ ఆయనది. సముద్రం పడనివాడని తెలిస్తే ఒడ్డున కూర్చుని వలలు ఎండబెట్టుకోమంటాడు.

“ఏటండీ ఆ అడగడం,” అన్నాడు నాగరాజు, ఇరవై నాలుగు గంటల అపెండిక్స్ నొప్పితో మెలికలు తిరుగుతూనే. “సముద్రం మీద పెరిగినోణ్ని.”

నర్సు జాయ్స్ కాగితం మీద ఏమీ రాయలేదు. మందుల చీటీ ఇచ్చి కొర్లయ్యను కిందికి పంపింది.

“మావయ్యగారు వెళ్ళేరు. ఇప్పుడు చెప్పండి.”

నాగరాజు గుమ్మం వైపు చూసుకున్నాడు. ఆరేళ్ళుగా పడవలో ఎవరికీ దొరకని దొంగ, ఒక్క నిమిషంలో దొరికిపోయాడు.

“రోజూ కక్కుతానండి. మీకెలా తెలిసిపోయింది?”

“పడవ అనగానే గుటక మింగేరు. ఇలాంటివాళ్ళకే మత్తు దిగేక వాంతులు ఎక్కువ. కుట్లు లాగేస్తాయి.”

అతని మణికట్టు నుంచి మూడు వేళ్ళు కొలిచి, గుండీ కుట్టిన సాగే పట్టీ ఒకటి, రెండు నరాల మధ్య ఆ గుండీ ఆనేలా తొడిగింది.

“ఈ గుండీయేనా మందు?”

“ఇంజెక్షనూ ఇస్తారు. ఇది దానికి తోడు. అందరికీ ఒకేలా పనిచెయ్యదు, చూద్దాం.”

ఆపరేషను అయింది, మత్తు దిగింది. నాగరాజు కళ్ళు మూసుకుని కడుపు ఎప్పుడు పైకొస్తుందా అని కాచుకున్నాడు. రాలేదు. గంటయినా రాలేదు. నమ్మలేక పొట్ట తడిమి చూసుకున్నాడు.

“ఏం మంత్రం ఏసేరండీ?”

“మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మా దగ్గర మంత్రాలుండవు.”

మర్నాడు పట్టీ తీసేసింది. ఆ సాయంత్రం వాన మొదలయ్యేసరికి నాగరాజు చెయ్యి చాపాడు.

“మళ్ళీ తిప్పతందండి.”

ఆమె బొటనవేలితో నొక్కింది. “తగ్గిందా?”

“సగం.”

మూడో రోజూ సగమే తగ్గింది.

“ఆరు ఇడ్లీలు తిన్న మనిషికి తిప్పడమేటి?” అంది జాయ్స్. వేలు మాత్రం తియ్యలేదు.

అప్పుడే గుమ్మంలో కొర్లయ్య, తడిసిన గొడుగుతో. చూపు తిన్నగా ఆ రెండు చేతుల మీద పడింది.

జాయ్స్ ముఖం తెల్లబోయింది. నాగరాజు నోరు మూసుకుంటే ఆమె మీదికి మాట వస్తుంది. నోరు విప్పితే తన పడవ పోతుంది. ఒక్క క్షణమే ఆలోచించాడు.

“ఆవిడ తప్పేటీ లేదు మామా. నాకు సముద్రం పడదు. రోజూ కక్కుతాను. అందుకే నొక్కుతున్నారు.”

కొర్లయ్య తీరిగ్గా గొడుగు మడిచాడు.

“ఆ సంగతి పడవంతా ఎరుగుదుంరా. నువ్వు అంచుకెళ్ళి వంగితే మేం అటేపు సూడం. సిగ్గుపడతావని.”

నాగరాజు మంచం అంచుకి జరిగాడు.

“మరి పడవ?”

“ఎక్కకుండా పనెవుడు సేత్తాడు? కక్కుతూనే లాగుతావు గదా వల.” ఆయన జాయ్స్ వైపు తిరిగాడు. “అది సరేగానమ్మా, మావోడికి ఇయ్యాల వాంతుల్లేవు గదా. మరా సెయ్యి ఎందుకు పట్టుకున్నట్టు?”

జాయ్స్ తల దించుకుంది.

“మా నాన్న తిమోతిగారు చీడికాడలో ఉంటారు,” అంది. “అడగాల్సింది ఆయన్ని.”

“కుట్లు ఇప్పేక వత్తాం. బస్సేగా.”

నాగరాజు ముఖం పాలిపోయింది. “చీడికాడ దాకా బస్సా?”

“తోడు నేనొస్తాను,” అంది జాయ్స్, మొదటిసారి నవ్వుతూ. “ఆ రోడ్డు మీద నాకూ వాంతులే. కిటికీ సీటు మాత్రం నాది.”