దండెం తీగ

"తీగకు కాళ్లొచ్చి పోయిందా?"

గంగమణి మళ్లీ అడుగుతోంది. చంకలో తడిబట్టల బకెట్. వాకిట్లో రెండు గుంజలు. మధ్యలో ఉండాల్సిన దండెం లేదు!

"ఒక్క తీగ కోసం పొద్దూకినప్పటి సంది సతాయిస్తున్నవు," అంటాడు లక్ష్మీనర్సయ్య. "రేపు నైలాన్ తాడు తెస్త."

"తాడు ఎవలడిగిండ్రు? నా తీగ ఏది?"

మొగుడు ఖాళీ పసుపు బస్తా భుజాన వేసుకుంటాడు.

"ఆర్మూర్ మార్కెట్ యార్డు దాక పోయొస్త."

అతని టార్చి వెలుగు మలుపు తిరుగుతుంది. వీధంతా చీకటి. కరెంటు లేదు.

కందిలి ముందు అత్త నీలవ్వ బీడీలు చుడుతోంది.

"గజేందర్ని అడుగు," అంటుంది తలెత్తకుండా. "గిప్పుడే వచ్చి కటింగ్ ప్లేయర్ పట్టుకపోయిండు."

తీగ... కటింగ్ ప్లేయర్... గుట్ట!

మరిది గజేందర్ దుబాయ్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఇప్పుడు అడవి కమిటీకి కాపలాదారు. ఆ కమిటీకి అధ్యక్షుడు తన మొగుడే. ఊరంతా కట్టెలు కొట్టడం, మేకలు తోలడం మానేశాక గుట్ట మీద మళ్లీ పొదలు లేచాయి. నిరుడు చిరుతపులి వచ్చింది. ఈ ఏడు దాని వెనక రెండు పిల్లలు.

చిరుత తోలు కోసం బేరగాళ్లు తిరుగుతున్నారని ఊళ్లో గుసగుస.

చిరుత నీళ్లకు దిగే వాగు బాటకు అడ్డంగా మోకాలెత్తున తీగ కట్టి, కొస కరెంటు లైనుకు తగిలిస్తే చాలు. ఏది తాకినా బొగ్గే. చిరుతైనా... మనిషైనా...

"నా బిడ్డ శైలజ ఏది?"

"బర్రె దిగి రాలేదని గుట్టకు పోయింది."

బకెట్ చంకలోంచి జారింది!

ఈ వారం పొలాల మోటార్లకు రాత్రి వంతు. కరెంటు ఏ క్షణమైనా వస్తుంది!

పరుగు.

రాళ్లు. తుమ్మముళ్లు. ఒక చెప్పు ఎక్కడో తెగిపోయింది.

"శైలూ!"

దూరంగా బర్రె మెడలో గంట. టంగ్... టంగ్... వాగు బాట మీదే. దగ్గరవుతోంది!

"అమ్మా? వస్తున్న."

"రాకు బిడ్డా! ఆడనే ఆగు. బర్రెను పట్టుకో!"

గంట ఆగింది.

పొద పక్కన టార్చి వెలిగింది.

గజేందర్!

చేతిలో ఎండు వెదురు గడ. కాళ్ల ముందు తీగ. తీగకు ఆకుపచ్చ పేలిక... తుప్పు పట్టిన చోట బట్టలు చిరగకుండా తను చుట్టిందే!

"నా ఇంటి తీగతోనే నా బిడ్డను చంపుతవారా?"

"వదినె, ఎనకకు జరుగు. తీగను ముట్టకు."

గడ పైకి లేచింది. లైను మీద తీగ కొక్కెం కదల్లేదు. మళ్లీ పొడిచాడు. ఊగింది... ఊగింది... ఊడి కింద పడింది.

అంతలోనే... కింద ఆర్మూర్ దీపాలు భగ్గుమన్నాయి! పొలాల్లో మోటార్లు గుర్రుమన్నాయి.

తీగ నేల మీద పడి ఉంది. చల్లగా.

దానికి అవతల శైలజ. చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

గంగమణి బిడ్డను దగ్గరకు లాక్కుంది.

"మరి కటింగ్ ప్లేయర్?"

"కోసెతందుకే. పొద్దూకంగ తీగ కండ్ల పడ్డది."

"ఎవలు కట్టిండ్రు?"

గజేందర్ ఆకుపచ్చ పేలిక వైపు చూశాడు. టార్చి ఆర్పేశాడు.

"ఎవలో వస్తుండ్రు..."

ఎండుటాకుల మీద అడుగులు. దగ్గరగా... ఇంకా దగ్గరగా...

చీకట్లోంచి గొంతు. మెల్లగా. ఆశగా.

"పడ్డదా?"

రోజూ కంచం ముందు కూర్చుని 'కూరేంది' అని అడిగే గొంతు!

భుజాన ఖాళీ పసుపు బస్తా.

*

ఇంట్లో బల్బు వెలుగుతోంది. అందరి ముందూ కంచాలు. మధ్యలో తీగ చుట్ట.

"టార్చి ఎలుగు జూసి బేరగాడు ముందుగాలనే వచ్చిండనుకున్న," అంటాడు లక్ష్మీనర్సయ్య నేల చూస్తూ. "పసుపు బస్తాల పెడితె తోలు వాసన రాదన్నడు. శైలజ పోతదని నాకేం ఎరుక?"

"వేరేటోళ్ల బిడ్డయితె పోవచ్చు. గంతేనా?"



"ఇంట్ల సంగతి ఇంట్లనే ఉండనియ్యి, గంగమణీ," అంది నీలవ్వ.

గంగమణి అందరికీ అన్నం పెట్టింది. అతనికీ పెట్టింది. తర్వాత గొంతు పెంచకుండా చెప్పింది.

"పొద్దుగాల కమిటీ కూసుంటది. గీ తీగ నేనే పట్టుకపోయి అందరి ముంగట పెడ్త. ఎవలు కట్టిండ్రో నేనే జెప్త. ఇగ గిది మనింటికి తిరిగి రాదు. శైలూ, బట్టలు గోడ మీద ఆరెయ్యి బిడ్డా."