లోవలక్ష్మి గారి ప్రస్థానం

"లంకావీలో మజ్జిగ దొరుకుతుందాండీ?"

చంద్రరావు కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. "దొరకదండి. తోడు మనమే పట్టుకెళ్ళాలి."

కోడ్ కలిసింది. అడిగినాయన గొడుగు ముడిచి, గాజు తలుపు మూసి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. పంచె, జరీ కండువా, నుదుట బొట్టు. చూసినవాళ్ళెవరైనా మనవల్ని తీసుకుని షికారు వెళ్ళే ఆలోచనలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరనుకుంటారు. నిజానికి ఆయన పేరు హరిబాబు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి చీఫ్.

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో, ఎరువుల కొట్టుకీ ఫోటో స్టూడియోకీ మధ్య, ఓడ బొమ్మ వేసిన బోర్డు ఒకటుంది: సప్తసాగర హాలిడేస్. చంద్రరావు పన్నెండేళ్ళుగా అక్కడ కూర్చుని వరి రైతులకీ కొబ్బరి రైతులకీ క్రూయిజ్ టికెట్లు అమ్ముతున్నాడు. ఫుకెట్‌లో ఏ బీచ్ బావుంటుందో, పెనాంగ్‌లో ఏ వీధిలో ఇడ్లీ దొరుకుతుందో, మాలేలో ఓడ దిగాక ఎటు నడవాలో కళ్ళకు కట్టినట్టు చెప్తాడు. తను మాత్రం కోటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు తప్ప ఇంకేమీ ఎక్కలేదు. చోటు విడిచి కదలకూడదన్నది ఆర్డరు. పెళ్ళి లేదు, పేకాట స్నేహితులు కూడా లేరు. ఊళ్ళో అందరికీ తెలిసినవాడే గానీ ఎవరికీ ఏమీ కాడు.

"సోమవారం కాకినాడ నుంచి నీలాంబరి బయల్దేరుతోంది" అన్నాడు హరిబాబు. "పోర్ట్ బ్లెయిర్, ఫుకెట్, లంకావీ, పెనాంగ్, సింగపూర్."

"తెలుసు సార్. సగం కేబిన్లు నేనే అమ్మాను."

"మన తీరంలో సముద్రం అడుగున పరిచిన సెన్సర్ల మ్యాప్ లీకయింది. మైక్రోచిప్, కందిగింజంత. నీ ప్యాసింజర్లలో ఒకడు మోసుకెళ్తున్నాడు. లంకావీలో గూఢచారుల రింగు చేతికి అందుతుంది. ఓడ కదిలిందా, ఇక మన చేతుల్లో ఏమీ లేదు. ఆ తర్వాత వాళ్ళ సబ్‌మెరైన్ మన గుమ్మంలోకి వచ్చినా మనకి వినపడదు."

"ఎవడు?"

"యుగంధర్. జంగారెడ్డిగూడెం దగ్గర ఆయిల్ పామ్ రైతు. పావని రిపోర్టు. కుటుంబం లేకుండా ఒక్కడే వెళ్తున్నాడట."

"ఒక్కడే వెళ్ళడం సాక్ష్యం కాదు సార్."

హరిబాబు కండువా సర్దుకున్నాడు. "మీ జిల్లాల్లో పక్క ఊరి పెళ్ళికి వెళ్ళాలన్నా వ్యానెడు మంది ఎక్కుతారు. వీడొక్కడే సింగపూర్ ఎందుకు వెళ్తున్నట్టు? రేవులోనే పట్టుకుంటాం. నువ్వు పావనికి కావలసింది చూసి పెట్టు. ఇంకో మాట. ఓడ మీద రింగు మనిషి ఒకడుంటాడు. ఎవడో తెలీదు. నీ అసలు పేరు వాడి చెవిన పడకూడదు."

ఆ అసలు పేరు తాతాజీ. ఒకప్పుడు ముంబై డాక్‌యార్డులో ఇదే రింగుని సగానికి సగం పట్టించి, ఆఫీసు రికార్డుల్లో చనిపోయాడు. రింగు ఆ చావుని నమ్మలేదు, ఇంకా వెతుకుతూనే ఉంది. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరే. హరిబాబుకి తెలుసు గానీ నోట పలకడు.

పావని పలుకుతుంది. పైకి ఆవిడ క్రూయిజ్ కంపెనీ రిప్రజెంటేటివ్, లోపల మన ఏజెంటు, కోడ్ నేమ్ చామంతి. నెలకోసారి విశాఖ నుంచి వచ్చేది. నల్ల కళ్ళజోడు, నీలం పట్టుచీర. ఆవిడ కారు దిగితే ఎరువుల కొట్లో తూకం తప్పేది. బ్రోచర్లు ఇచ్చి, ఢిల్లీ మెసేజీలు అందించి, పై వాటాలోని అతని ఇంట్లో కాఫీ తాగి వెళ్ళేది. తలుపు వేశాక ఒకే ఒక్కసారి, "ఎలా ఉన్నారు తాతాజీ గారూ?" అనేది. ఆ ఒక్క పిలుపు ఆసరాతో అతను మిగతా నెలంతా చంద్రరావుగా నెట్టుకొచ్చేవాడు. దాన్ని ప్రేమ అనుకోండి, ఆకలి అనుకోండి, అతనికి తేడా తెలీదు.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు వ్యాను ఆగింది. కడియం నర్సరీ యజమాని వీరవెంకటసత్యనారాయణ గారి భార్య లోవలక్ష్మి గారు దిగారు. వెనకాల డ్రైవరు ఒక పెద్ద ఎర్ర బ్యాగు మోసుకొచ్చాడు.

"ఏమీ అనుకోకండి చంద్రరావు గారూ. రేపు ఓడ కదిలే వేళకి వర్జ్యం ఉందంటండి. ఇవాళ పొద్దున్న మంచి ఘడియ. ప్రస్థానం మీ ఇంట్లో పెడదామని వచ్చాను."

మంచి ఘడియకి మనిషి కదల్లేకపోతే సామాను ముందు కదలాలి. దారిలో ఇంకొకరింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైపోయినట్టే, మర్నాడు వర్జ్యం ఉన్నా దోషం అంటదు. కడియం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో, తూర్పు వైపు, ఆవిడకి తెలిసిన ఇల్లు చంద్రరావుదే.

"అంత పెద్ద ఓడ కంపెనీ, వర్జ్యం చూసుకోరేంటండీ?" అన్నారావిడ.

"చెప్పి చూశానండి. వినలేదు."

ఆవిడ బ్యాగుని తూర్పు ముఖంగా నిలబెట్టి, పిడికీ జిప్పుకీ, చంద్రరావు కట్టిచ్చిన కంపెనీ ట్యాగుకీ కూడా తడి పసుపు రాసి బొట్లు పెట్టారు. "రేపు పొద్దున్న డ్రైవరొచ్చి తీసుకుంటాడు. అందాకా కదపకండి. ఒక్కరూ ఎలా ఉంటారండీ బాబూ, ఇంత ఇంట్లో?" అని సున్నుండల డబ్బా ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం కింద కారు తలుపు చప్పుడైంది. పావని. ఆవిడ వచ్చే రోజు కాదది. చంద్రరావు ముందు సంతోషించాడు, ఆ తర్వాత ఆలోచించాడు. ఏజెంటు అన్నవాడికి ఈ వరస తిరగబడి ఉండాలి.

"కడియం వెళ్ళొస్తున్నాను" అంది పావని కళ్ళజోడు తీస్తూ. "లోవలక్ష్మి గారి లగేజి ఒకసారి చూద్దామని వెళ్తే, బ్యాగు పొద్దున్నే బయల్దేరిపోయిందండీ, మనుషులమే మిగిలాం అన్నారు. నాకేం అర్థం కాలేదు."

పావని మిలిటరీ ఆఫీసరు కూతురు. కంటోన్మెంట్లలో పెరిగింది. వర్జ్యాలూ ప్రస్థానాలూ ఆవిడ ట్రైనింగులో లేవు. చంద్రరావు నవ్వి, ఎర్ర బ్యాగు చూపించి, సంగతి చెప్పాడు.

"భలే ఉంది" అందావిడ. "కాఫీ ఇవ్వరా తాతాజీ గారూ?"

అతను వంటింట్లోకి వెళ్ళి డికాషన్ దించి, పాలు కాచి, రెండు కప్పులు పట్టుకొచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తోంది.

"నీలాంబరిలో ఒక కేబిన్ ఖాళీ ఉంది" అంది కప్పు అందుకుంటూ. "మీరూ రాకూడదూ? ఇన్ని దీవులు అమ్మారు, ఒక్కటైనా చూశారా?"

"ఆర్డరు లేదు."

"లంకావీలో దిగిపోండి. వారం తిరక్కుండా నేనూ వస్తాను. అక్కడ మిమ్మల్ని పేరు పెట్టి పిలవడానికి తలుపు వెయ్యక్కర్లేదు."

ఆవిడ వెళ్ళాక చంద్రరావు బ్రోచర్‌లో లంకావీ పేజీ తెరిచి చాలాసేపు కూర్చున్నాడు. తెల్ల ఇసుక, పచ్చటి కొండలు, ఆకాశంలో గద్దలు. తను ఎంతమందికో అప్పజెప్పిన మాటలే, మొదటిసారి ఎవరో తనకి చెప్తున్నట్టున్నాయి. ఆవిడ తాగిన కప్పు కడగలేదు. పావని కప్పు అతను ఎప్పుడూ వెంటనే కడగడు. మర్నాటిదాకా గట్టు మీద రెండు కప్పులుంటే ఇంట్లో ఇద్దరున్నట్టు ఉంటుంది.

సోమవారం పొద్దున్న డ్రైవరొచ్చి బ్యాగు పట్టుకుపోయాడు. చంద్రరావు స్నానం చేసి, కప్పులు కడగబోయాడు. పావని కప్పు పిడి మీద పసుపు మరక ఉంది.

అతనింట్లో పసుపు లేదు. కాఫీ తప్ప ఏదైనా హోటల్ నుంచే వస్తుంది. నిన్న ఆ ఇంట్లో పసుపున్నది ఒక్కచోటే. బ్యాగు ముట్టుకోవడం తప్పు కాదు. ముట్టుకోవడానికి కాఫీ అడగడం, ముట్టుకుని చెప్పకపోవడం తప్పు. యుగంధర్ ఒట్టి ఎర అని అప్పుడర్థమైంది. ఆఫీసు కళ్ళన్నీ ఆ ఒంటరివాడి మీద ఉంటే, బంధుబలగం మధ్య సున్నుండలు పంచుకుంటూ నడిచే లోవలక్ష్మి గారిని ఎవరు తనిఖీ చేస్తారు? పాపం, తను ఏం మోస్తున్నారో ఆవిడకే తెలీదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఇంతకాలం తనని తన్నేవాడు లేడనుకున్నాడు చంద్రరావు.

కప్పు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. కుళాయి కింద పెడితే చాలు, మరక పోతుంది. మరకతో అనుమానమూ పోతుంది, పావని మిగులుతుంది. ఆవిడని పట్టిస్తే మాత్రం, తాతాజీ అనేవాడొకడున్నాడని నోరారా అనే మనిషి ఈ భూమ్మీద ఉండదు. అతనికి ఏడుపొచ్చింది. ఆ ఊరొచ్చాక ఏడవడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, కప్పు కడక్కుండానే గట్టు మీద పెట్టి, బైకు తాళాలు తీసుకున్నాడు.

ఫోన్ చేసే దారి లేదు. హరిబాబుకి వెళ్ళే లైను పావని చేతి మీదుగానే వెళ్తుంది. లోవలక్ష్మి గారికి చేస్తే ఆవిడ పక్కనే పావని ఉంటుంది, చిప్ మాయమవుతుంది. కాలవ గట్టు వెంట, వరిచేల మధ్య, అతను బైకుని ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. కరప దాటాక ధాన్యం లారీలు అడ్డం పడ్డాయి. పోర్టు గేటు దగ్గరికి చేరేసరికి నీలాంబరి మొదటి కూత వేసింది.

రేవులో ఒక మూల మఫ్టీలో ఉన్నవాళ్ళు యుగంధర్‌ని చుట్టుముట్టి, చొక్కా కాలరు కుట్లు కూడా విప్పి చూస్తున్నారు. "ఒక్కణ్ణే వెళ్తే నేరమేంటండీ?" అంటున్నాడతను. "ఇద్దరం అనుకున్న ప్రయాణమే. మా ఆవిడ పోయిందండి." టికెట్ అమ్మేటప్పుడు చంద్రరావు ఆ మాట అడగలేదు. ఒంటరివాణ్ణి ఏమడగకూడదో అతనికి తెలుసు.

నిచ్చెన మెట్ల కింద పావని, నీలం పట్టుచీరలో, ప్యాసింజర్లకి దండం పెట్టి పైకి పంపిస్తోంది. లగేజి బెల్టు మీద ఓడ కడుపులోకి వెళ్తోంది. ఎర్ర బ్యాగు సగం దూరం వెళ్ళిపోయింది. పిడి మీద పసుపు, జిప్పు మీద బొట్టు ఉన్నాయి. ట్యాగు మాత్రం మచ్చ లేకుండా తెల్లగా ఉంది. లోవలక్ష్మి గారు పసుపు రాసిన ట్యాగు అది కాదు.

ఆపండి అని అరిస్తే పైన రింగు మనిషి చూస్తాడు. తన దగ్గర తుపాకీ లేదు, ఐడీ కార్డు లేదు. కానీ లోవలక్ష్మి గారున్నారు.

"ఏవండీ లోవలక్ష్మి గారూ" అన్నాడు రొప్పుతూ. "ప్రస్థానం పెట్టిన బ్యాగు మీ చెయ్యి లేకుండా ఓడెక్కేస్తోందేంటండీ?"

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. మరుక్షణం బెల్టు మీదికి ఎక్కేశారు. వెనకే వీరవెంకటసత్యనారాయణ గారు, ఆయన వెనక తోడికోడళ్ళు, మరుదులు. ఆపరేటరు భయపడి ఎర్ర బటన్ నొక్కాడు.

"మేడమ్, లగేజి చేత్తో తీసుకెళ్ళకూడదు. రూల్స్" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు.

"రూల్స్ మీ ఓడకి బాబూ. ప్రయాణం మాది" అన్నారు లోవలక్ష్మి గారు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెల్టు మీదే కూర్చుని.

నీలాంబరి ఆఖరి కూత వేసింది. చంద్రరావు వంగి, "ట్యాగు వదులైందండీ, మారుస్తాను" అని దాన్ని తీసి, జేబులోంచి ఇంకొకటి కట్టాడు. తీసిన ట్యాగుని నడుస్తూ నడుస్తూ, మఫ్టీవాళ్ళకి కాస్త ఎడంగా నిలబడ్డ హరిబాబు ముడిచిన గొడుగు మడతలో జారవిడిచాడు. హరిబాబు పక్కకి తిరిగి దాని అంచుని గోటితో చీల్చాడు. కందిగింజంత నల్లటిదేదో అరచేతిలో పడింది.

"ఎవరు కట్టారు?" అన్నాడు మెల్లగా.

చంద్రరావు నిచ్చెన మెట్ల వైపు చూడకుండా చెప్పాడు. "చామంతి."

ఇద్దరు ఆడ ఆఫీసర్లు స్నేహితురాళ్ళలా వచ్చి పావనికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఆవిడకి అర్థమైంది. కళ్ళజోడు తీసి చంద్రరావు వైపు చూసింది. పైన రెయిలింగు నిండా జనం ఉన్నారు. వాళ్ళలో రింగు మనిషి ఉన్నాడు. తాతాజీ అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు, అతని కథ ముగుస్తుంది, ఆవిడ పగ తీరుతుంది. అప్పుడు తట్టింది చంద్రరావుకి. ఈవిడ సెన్సర్లు అమ్మింది, ఆఫీసుని అమ్మింది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క పేరు అమ్మలేదు. అమ్మి ఉంటే తను బతికి ఉండేవాడే కాదు.

పావని చిన్నగా నవ్వింది. "వస్తానండి చంద్రరావు గారూ" అంది, పైనున్నవాళ్ళందరికీ వినపడేలా.

ఆవిడ అతన్ని ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. ప్రాణం అతనికి వదిలేసి, పేరు తనతో తీసుకుని కారెక్కింది. కారు పోర్టు గేటు దాటేదాకా అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

"కవర్ సేఫ్" అన్నాడు హరిబాబు గొడుగు విప్పుతూ. "రేపు కొట్టు తెరువు."

తెరిచాడు. శుక్రవారం మధ్యాహ్నం లోవలక్ష్మి గారు లంకావీ నుంచి వీడియో కాల్ చేశారు. వెనక తెల్ల ఇసుక, పచ్చటి కొండలు. పక్కన యుగంధర్, నోటినిండా పులిహోరతో, మాట్లాడే వీలు లేకుండా ఉన్నాడు.

"ఈ అబ్బాయి ఒక్కడూ కూర్చుని తింటున్నాడని మాలో కలిపేసుకున్నామండీ" అన్నారావిడ. "దీవి బానే ఉంది గానీ కొబ్బరిచెట్లు మాత్రం మన కోనసీమవే నయం. మీరూ రావలసింది. ఒక్కరూ అక్కడ కూర్చుని ఏం చేస్తున్నట్టు?"

"ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి కదండీ" అన్నాడు చంద్రరావు. "లేకపోతే ఓడెక్కి మీరు చెయ్యి ఎవరికి ఊపుతారు?"