స్కానర్‌కి పెట్టిన బొట్టు

"పన్నెండుకి తీర్పు. సాక్ష్యం తేలేకపోతే మన లైబ్రరీ మూతే, నేతన్." సెల్‌ఫోన్‌లో చీఫ్ జానకీదేవి గొంతు మంచుగడ్డలా ఉంది. "దసరాకి స్కానర్‌కి బొట్టు పెట్టమంటే, మూత ఎత్తి అద్దం మీద పెట్టావు చూడు, ఆ రోజే నిన్ను పీకేయాల్సింది."

"చర్చిలో పెరిగినవాణ్ణి, మేడం. ఎక్కడ పెట్టాలో నాకేం తెలుసు?"

ఫోన్ పెట్టేసింది.

దేశంలోని పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా నేషనల్ డిజిటల్ లైబ్రరీ కడుతున్నారు. దాని పంజగుట్ట సెంటర్‌కి ఆపరేటర్ వంశీకృష్ణ వేషంలో కాపలా కాస్తున్నది ఏజెంట్ నేతనే. పెన్నులో కెమెరా, బెల్టులో పిస్టల్. ఏం లాభం? నెప్ట్యూన్ అనే విదేశీ ముఠా అతని కళ్లుగప్పి ఫైళ్లన్నీ కాజేసింది. పైగా ఆ స్కాన్లు తమవేనని, దొంగలు మనమేనని ఎదురు కేసు వేసింది. వాళ్లు గెలిస్తే తాత రాసిన పద్యం చదవడానికి మనవడు వాళ్లకి పేజీకింతని కట్టుకోవాలి.

మిగిలిన ఆశ ఒక్కటే. కలవమని కబురు పంపిన నెప్ట్యూన్ కంప్యూటర్ నిపుణురాలు మంజూష. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. పని ఏ జీతానికి చేస్తోందో దేవుడికే తెలియాలి.

అమీర్‌పేట సెంటర్‌లో నిలబడి నేతన్ కోడ్‌వర్డ్ వదిలాడు. "జావా బ్యాచ్ ఎప్పుడు?"

ఢిల్లీలో కూర్చుని ఎంచిన కోడ్ మరి. గడపకో కంప్యూటర్ కోచింగ్ ఉన్న అమీర్‌పేటలో ఆ మాటంటే ఊరుకుంటారా? కరపత్రాలవాళ్లంతా మీదపడ్డారు.

"రేపే అన్నా. డెమో ఫ్రీ. జర వచ్చి కూసో."

"గాడికి పోకన్నా, మా సార్ మస్తు చెప్తడు."

ఆ గుంపులోంచి నల్లకళ్లద్దాలు, సెంటు వాసన. "ఎల్లుండి. సీట్లు లేవు."

సరైన జవాబు. మంజూష.

"ఫైళ్ల మీద మీ సెంటర్ ముద్రలన్నీ నేనే తుడిచేశాను," అంది గబగబా.

నేతన్ వాచీ చూసుకున్నాడు. "మరి నన్నెందుకు పిలిచారు?"

"ఒకటి తుడవలేదు. ఏ పేజీ అయినా తెరిపించండి. కింద మూల..."

గుంపు వెనక నెప్ట్యూన్ మనిషి సైలెన్సర్ పిస్టల్ దగ్గింది. మంజూష భుజం పట్టుకుని కూలబడింది. "నన్ను ఈ కరపత్రాలవాళ్లు చూసుకుంటారు. మీరు పోండి."

పంజగుట్ట దాకా ట్రాఫిక్ జామ్. నేతన్ ఒక ఆటోలో ఈ పక్క ఎక్కి, ఆ పక్క దిగి, ఇంకో ఆటో ఎక్కి... నమ్మకపోతే మీ ఇష్టం, నేల మీద కాలు పెట్టకుండా విచారణ జరిగే హోటల్ చేరాడు.

హాల్లో విచారణాధికారి దయానందం సంతకానికి పెన్ను మూత తీశాడు.

"అయ్యా, వాళ్ల డిస్కులోంచి ఒక్క పేజీ చూపించండి."

తెర మీద ఏదో శతకం. కింద మూల ఎర్ర చుక్క.

"మరక," అన్నాడు నెప్ట్యూన్ లాయరు నవ్వుతూ.

"ఇంకోటి."

అరవ వైద్య గ్రంథం. అక్కడే అదే చుక్క. ఉర్దూ గజల్. అదే చుక్క. లాయరు నవ్వు ఆరిపోయింది.

తను తిట్లు తిన్న బొట్టు! నేతన్ బయటికి పరుగెత్తాడు.

రోడ్డుకి అటుపక్క సెంటర్ నుంచి స్కానర్ మోయించాడు. మూత ఎత్తితే అద్దం మీద దసరానాటి కుంకుమ. పెట్టిన బొట్టు తుడిస్తే కీడని సూపర్‌వైజర్ సూర్యనారాయణగారు ఎవర్నీ చెయ్యి వెయ్యనిస్తేనా! చుక్క మీద చుక్క అతికినట్టు సరిపోయింది. దయానందం పెన్నుకి మూత పెట్టేశాడు.

సోమాజిగూడ ఆసుపత్రిలో మంజూష భుజానికి కట్టు.

"అన్నీ తుడిచారు కదా, అదొక్కటీ ఎందుకు వదిలారు?"

"బొట్టు కదండీ. తుడవడానికి చెయ్యి రాలేదు."

చీఫ్ ఫోన్ మోగింది. "శభాష్, నేతన్. కానీ వచ్చే దసరాకి కొబ్బరికాయ మాత్రం నీ చేతికివ్వను. సర్వర్ మీద కొడతావు."