ముప్పై సెకన్లు కదలకు

మొదట్లో అతని దగ్గరున్నది ఇరవై ఆరు వేలు. పెళ్లైన రెండేళ్లకి భార్యకు సముద్రం చూపించడానికి దాచిన డబ్బు. అందులో పాత కెమెరాకి పదిహేడున్నర వేలు, మూడు కాళ్ల స్టాండుకి పద్దెనిమిది వందలు పోయాయి. మిగిలిన ఆరు వేల ఏడొందలకి, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనబడే గది దొరికింది.

"సముద్రం బాగుంది," అంది భార్య ఆ గోడనే చూస్తూ.

ఇరవై మంచి ఫోటోలు తెస్తే పని ఇస్తానని టూర్ల ఆఫీసాయన మాటిచ్చాడు. రెండు రోజుల్లో రెండొందల పది తీశాడు. అన్నిట్లోనూ జనమే. ఎవరి మోచెయ్యో, ఎవరి గొడుగో. మూడో సాయంత్రం, కెమెరా అమ్మినాయన చెప్పిన కిటుకు గుర్తొచ్చింది.

"లెన్సుకి ఈ నల్ల అద్దం తగిలించి ముప్పై సెకన్లు తెరిచి ఉంచు బాబూ. తిరిగేవాళ్లు పడరు. కదలకుండా నిలబడినవాళ్లే పడతారు."

సముద్రంలోకి దిగే రాతి మెట్లు ఇరవై నాలుగు. పైన స్టాండు పెట్టి, కింది నుంచి పదిహేడో మెట్టు మీద భార్యను తనవైపు తిప్పి నిలబెట్టాడు. ఆమె పసుపు శాలువా కప్పుకుంది.

"ఊపిరి పీల్చుకోవచ్చా, దానికీ లెక్కుందా?"

"మెల్లగా పీల్చు. కదలకు."

ముప్పై సెకన్లు తీయడానికి, ఇంకో ముప్పై బొమ్మ తేలడానికి. తేలింది. జనం మాయం. గాలికి శాలువా అంచు మాత్రం కాస్త చెదిరింది. అట్టడుగు మెట్టు మీద ఎవరో ఆడమనిషి. బూడిద రంగు చీర, నీళ్లవైపు ముఖం. కొంగు కూడా చెదరలేదు.

తలెత్తి చూశాడు. ఆ మెట్టు మీద నీళ్లు తప్ప ఏమీ లేవు.

రెండో ఫోటోలో ఆమె అయిదో మెట్టు మీద ఉంది. మూడోదాంట్లో తొమ్మిదో మెట్టు. ఫోటోకి నాలుగు మెట్లు. ఒళ్లు జలదరించింది, నిజమే. కానీ బొమ్మకి ఇన్నాళ్లూ రాని లోతు వచ్చింది...

"ఏమండీ, నా వెనక ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరు."

"నాచు వాసనొస్తోంది. చలిగా ఉంది. వచ్చేస్తాను."

"ఒక్క నిమిషం. వెలుగు పోతుంది."

నాలుగో ఫోటోలో పదమూడో మెట్టు. తర్వాత ఏ మెట్టో అతనికి తెలుసు. లెక్కల్లో అతనెప్పుడూ తప్పలేదు.

అయినా నొక్కాడు.

అయిదో ఫోటోలో భార్య ఒక్కతే ఉంది. శాలువా అంచు రాయిలా నిలిచింది. ఇరవైలో ఒకటి దొరికిందనుకున్నాడు. ముందు అదే అనుకున్నాడు.

తలెత్తాడు. జనం మధ్యలో ఆమె అలాగే నిలబడి ఉంది. దెప్పిపొడవలేదు. గాలికి అందరి జుట్టూ ఎగురుతోంది... ఆమెది ఎగరడం లేదు.

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి," అంది గుసగుసగా. "నేను కదలను."

అయిదో ఫోటో మళ్లీ తెరిచాడు. ఇందాక ఖాళీగా ఉన్న అట్టడుగు మెట్టు మీద పసుపు శాలువా. ముఖం అతనివైపే ఉంది. కదలాలని గింజుకుంటున్నట్టు మొత్తం చెదిరిపోయి... నోరు తెరిచి.

బూడిద రంగు మనిషి ఎక్కినట్టే తన మనిషినీ ఎక్కించాలి. నాలుగు ఫోటోలు, నాలుగు నిమిషాలు. పొద్దు మూడు నిమిషాలే ఉంది. మూడు ఫోటోలకి పదమూడో మెట్టు దాకా వస్తుంది. మిగిలిన నాలుగు మెట్లూ తనే దిగి తెచ్చుకోవాలి, చీకట్లో, పదిహేడో మెట్టు మీదున్నదాన్ని దాటుకుని.

కెమెరా మీద వేలు పెట్టాడు.

పదిహేడో మెట్టు మీద ఆమె ఇంకా రెప్ప వేయలేదు. అతని మెడ వెనక నాచు వాసన వచ్చింది.